గ్రీజు కొట్టిన స్టీరింగు బాక్సు

మా చిన్నప్పుడు... మా నాన్న అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారిగారి అంబాసిడర్ తోలేవాడు. బడి నుంచి వచ్చి ఆ పోర్టికో మెట్ల మీద కూర్చుని నాన్న పని చూసేదాన్ని.

కారు పాతబడి స్టీరింగు బాక్సు కారేది... పొద్దున్నే అమ్మగారు వేసిన ముగ్గు మీద నల్లటి చుక్కలు. అయ్యగారికి ఒళ్లు మండిపోయేది.

"ఆయిలు మానేసి గ్రీజు కొట్టరా" అన్నారు ఒకరోజు.

"సీలు మార్చి గేరాయిలే పోయాలండి. గ్రీజైతే పక్కలకి పోయి అక్కడే ఉండిపోద్దండి. లోపలి గేరు పళ్లు ఎండిపోతాయండి" అన్నాడు నాన్న.

"కారు నీదా, నాదా?"

"ఆయ్... తమదేనండి."

గ్రీజు కొట్టాడు. ముగ్గు బాగుపడింది. నెలలు గడిచేకొద్దీ స్టీరింగు బిగిసింది. నాన్న రెండుసార్లు చెప్పినా అయ్యగారు వినలేదు. ఓ మధ్యాహ్నం ముక్తేశ్వరం దారిలో మలుపు దగ్గర పట్టేసింది... కారు కాలవలోకి దిగింది. అయ్యగారి చెయ్యి విరిగింది.

ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పేశారు, "తాగి తోలేడు" అని. మందు వాసనే గిట్టని మనిషి మా నాన్న. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని తిరిగేవాడు... ఆ వారం నుంచి సంచి వేరేవాళ్ల చేతికిచ్చారు. మళ్లీ ఎవరూ కారు తాళం ఇవ్వలేదు. ఆ నింద మోస్తూనే పోయాడు.

నేను మర్చిపోలేదు. టీచర్నయ్యాను. ఆ ప్రమాదం నుంచీ అయ్యగారి షెడ్డులోనే పడున్న ఆ కారుని పోయినేడు తుక్కు కింద కొన్నాను. నేనెవరి కూతురినో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. నిన్న కొత్తపేట మెకానిక్ నా ముందే బాక్సు విప్పాడు. గోడలకి గ్రీజు గడ్డకట్టి ఉంది... మధ్యలో పళ్లు పొడిగా, అరిగిపోయి ఉన్నాయి.

"ఇందులో గ్రీజు కొట్టమన్న మహానుభావుడెవరండీ?" అన్నాడు.

ఆ మహానుభావుడు మన ఊరి ఈ వాట్సాప్ గ్రూపులోనే ఉన్నారు. రోజూ పొద్దున్నే పూలబొమ్మతో శుభోదయం పెడతారు, మనమంతా దండాలు పెడతాం. అయ్యగారూ, బాక్సు ఫొటోలు కింద పెట్టాను, చూడండి. ఇన్నేళ్ల కడుపుమంట కొంచెం చల్లారింది... కొంచెమే.

అప్పట్లో పెద్దింటి మాటే ఊరి మాట. ఇప్పుడు మాలాంటివాళ్లకీ నలుగురిలో మాట్లాడే చోటు దొరికింది... వినాల్సిన మనిషే లేడు.

ఆ రోజు తాగి తోలేడన్న మాట నమ్మినవాళ్లు, పదిమందికీ చెప్పినవాళ్లు కింద రాయండి. పేర్లతో రాయండి. మా నాన్న పేరు డ్రైవర్ ఏసురత్నం.