గడ్డిలో మాగిన పులుపు

నా చిన్నప్పుడు, విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు పడని చెయ్యి మా వీధిలో అరుదు. నాకూ పడింది. బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోపులో కొమ్మ విరిగి కింద పడ్డాను. కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతుక్కుంది గానీ, చెట్టు కిందికి వెళితే చాలు, భయమేసి ఇంటికి పరిగెత్తేదాన్ని. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ తోపులో ఉంటే నేనొక్కదాన్నే వాకిట్లో కూర్చునేదాన్ని. ఇక జీవితమంతా ఇంతేనేమోనని ఏడుపొచ్చేది. "చెయ్యి పుత్తూరులో అతికించినారు, ధైర్యం యాడ అతికిస్తారో" అని మా అవ్వ ఎగతాళి చేసేది.

మా చిన్నతాత మాత్రం నవ్వలేదు. తెలుగు పండితుడిగా పనిచేసి, బౌద్ధ గ్రంథాలు ముందేసుకుని కూర్చునే మనిషి. ఒకనాడు ఒకే గుత్తికి కాసిన రెండు ముదురు కాయలు తెచ్చి, ఒకటి కోసి నా నోట్లో పెట్టాడు. పళ్ళు పులిసిపోయాయి. రెండోదానికి గుర్తుగా సున్నం బొట్టు పెట్టి, కాయలు మాగేసే గదిలో వరిగడ్డి కింద దాచి, కాపలా నాకప్పగించాడు. నేను ఊరుకుంటానా? పులుపు పోయిందో లేదోనని పూటపూటకూ గడ్డి లాగి చూసేదాన్ని. మా ఇళ్ళలో అది పెద్ద తప్పు. మాటిమాటికీ గాలి తగిలితే కాయ మాగదు, వడలిపోతుంది. ఆయన కోప్పడకుండా మళ్ళీ కప్పేవాడు.

చివరికి గదంతా వాసన కమ్ముకున్నాక ఆ పండు కోసిచ్చాడు. తీపంటే తీపి. నేను గడ్డంతా తిరగేసి, "పులుపు యాడికి పాయె తాతా?" అని అడిగాను.

"యాడికీ పోలే పాపా. ఆ పులుపే తీపయింది. నీ భయాన్ని గూడా లాగి లాగి సూడొద్దు. మాగనీ."

మనసు అడుగున ఒక గాదె ఉంటుందనీ, జరిగిందంతా అందులో విత్తనమై పడుతుందనీ, దాన్ని ఊడ్చి పారేయడం ఎవరి వల్లా కాదనీ, ఆ విత్తనమే మారాలనీ బౌద్ధులు అంటారట. దాని పేరు పరిణామమని చెప్పాడు. ఆ పెద్ద మాటలు నాకేం ఎక్కాయి! భయం పోకపోయినా ఫరవాలేదన్నది మాత్రం ఎక్కింది. గుండెల మీద బరువు దిగి హాయిగా ఊపిరాడింది. మర్నాడు భయపడుతూనే తోపుకు వెళ్ళాను.

ఇప్పుడు ఆ తోపు నా చేతికిందే ఉంది. ఏ కొమ్మ మనిషిని మోస్తుందో, ఏది మోయదో కాయలు కోసేవాళ్ళు చెట్టెక్కే ముందు నన్నే అడుగుతారు. కింద నిలబడి చూసి చెప్పేస్తాను. ఇంతవరకు ఎవరూ పడలేదు. "నీకెట్టా తెలుస్తాదమ్మా?" అంటారు.

మోయలేని కొమ్మను చూస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. అదే చెబుతుంది.