రెండు మూలలూ డెబ్భై

1958 వేసవిలో నన్ను రోడ్ల శాఖ మాచర్ల సెక్షనుకు సూపర్‌వైజరుగా వేశారు. డిప్లొమా చేతికొచ్చి ఏడాదైనా కాలేదు. మట్టిరోడ్డు ఒక పంటకాలువను ఏటవాలుగా దాటే చోట కల్వర్టు, మేస్త్రీల మాటలో తూము, కట్టించడం నా మొదటి పని.

అలాంటి చోట పైన పరిచే బండలు దీర్ఘచతురస్రాలైతే కుదరదు. గోడల వాలుకు తగ్గట్టు సమాంతర చతుర్భుజాలుగా చెక్కాలి. ఎదురెదురు కోణాలు సమానం; పక్కపక్క కోణాలు కలిపితే నూట ఎనభై. డ్రాయింగులో డెబ్భై, నూట పది అని స్పష్టంగానే ఉంది. మేస్త్రీకి కొలతల కాగితం రాసిచ్చేటప్పుడు నేను ఒకే పొడుగు అంచుకు రెండు చివరలా డెబ్భై వేశాను.

మేస్త్రీ యోహానుకు యాభై దాటాయి. కాగితం చూసి, నేల మీద పుల్లలు పేర్చి నన్ను పిలిచాడు.

"ఒక మూల మూసుకుంటే పక్క మూల తెరుచుకోవాలి గదయ్యా. రెండూ మూసుకుంటే బండ అవతలి గోడ మీద ఎట్టా కూచుంటది?"

కూలీలు వింటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "చదువుకున్నది నువ్వా, నేనా? రాసినట్టు కొట్టు" అన్నాను. డ్రాయింగు విప్పి చూస్తే అర నిమిషంలో తెలిసేది. విప్పలేదు.

పదకొండు బండలు చెక్కాడు. ఎత్తి పరిస్తే ఒక చివర గోడ మీద సరిగ్గా కూర్చుంది. రెండో చివర ఒక మూల అవతలి గోడకు అందనే లేదు. తనిఖీకి వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు ఆ కొలత ఎవరిదని అడిగారు.

"మేస్త్రీకి అర్థం కాలేదండీ" అన్నాను.

యోహాను నా ముఖంలోకి చూశాడు. కాగితం అతని దగ్గరే ఉంది. తీయలేదు. ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. కొత్త బండలు మరో మేస్త్రీ చేత, సరైన కోణాలతో చెక్కించాను.

ఆరేళ్ల తర్వాత రాయి కోసం పిడుగురాళ్ల క్వారీకి వెళ్తే, అక్కడ సుత్తితో సున్నపురాయి పగలగొడుతూ కనిపించాడు. ఆ సంగతి తర్వాత తనకు ఎవరూ చెక్కుడు పని ఇవ్వలేదన్నాడు. నిష్ఠూరంగా అనలేదు.

"ఆ తూము నిలబడిందా అయ్యా?"

"నిలబడింది" అన్నాను. తప్పు నాదన్న మాట నోటిదాకా వచ్చింది. లారీ ఎప్పుడొస్తుందని గుమాస్తాను అడిగి, అటు నడిచాను.

ఆ తర్వాత సర్వీసులో, మేస్త్రీ తన మాటల్లో కోణాలు చెప్పేదాకా ఎక్కడా ఉలి వేయనివ్వలేదు. నా కింది వాళ్లకూ అదే నేర్పాను. దానివల్ల బండలు చెడలేదు. యోహానుకు మాత్రం ఒరిగింది ఏమీ లేదు. పద్ధతి మార్చుకోవడం, తప్పు ఒప్పుకోవడం ఒకటి కాదు. నేను మొదటిదే చేశాను.