బుడగల్లో ఏముందని అడిగిన మేడమ్

స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు ఇంకా మరగలేదు. అడుగున ఆవగింజలంత బుడగలు అంటుకుని ఉన్నాయి. ఫోన్ మోగినప్పుడు నేను వాటినే చూస్తున్నాను. "అక్క పోయింది బిడ్డా. తెల్లారగట్ల, నిద్రలనే," అంది మేడమ్ చెల్లెలు. స్టవ్ ఆపేశాను. బుడగలు కాసేపు అలాగే ఉన్నాయి.

మేడమ్ ఎవరో మీకు తెలిసే అవకాశం తక్కువ. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. తర్వాత చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులోని తమ ఇంటి మేడమీద గదిలో, ప్రతి ఆదివారం పొద్దున మాకు పాఠం చెప్పడం నేర్పారు. మేము అంటే పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళం. యూనివర్సిటీలో మాకు పరిశోధన నేర్పేవాళ్ళు ఉన్నారు. డిగ్రీ పిల్లల ముందు ఎలా నిలబడాలో నేర్పేవాళ్ళు లేరు. రేపు లెక్చరర్లం అయ్యేది మాత్రం మేమే.

2011లో నాకు ఫస్టియర్ బీఎస్సీ క్లాసు ఒకటి ఇచ్చారు. కాన్వెంటు చదువు నాది. పాఠమంతా ఇంగ్లీషులో రాసుకుని, బట్టీ పట్టి, బోర్డు వైపు చూస్తూ అప్పజెప్పేదాన్ని. రెండు నెలలకు వెనక బెంచీలన్నీ ఖాళీ. "ఇట్లయితే దసరా తర్వాత క్లాసు వేరేవాళ్ళకు ఇయ్యాల్సొస్తదమ్మా," అన్నారు మా హెడ్. లెక్చరర్ కావడం తప్ప నాకు వేరే కోరిక లేదు. మనుషుల ముఖం చూసి మాట్లాడటం మాత్రం రాదు. సంగతి తెలిసిన సీనియర్ ఒకామె నన్ను చిక్కడపల్లి తీసుకెళ్ళింది.

మేడమ్ చాక్‌పీసును సగానికి విరిచి నా చేతికిచ్చారు. పొడుగుది కీచుమంటుందట. పది నిమిషాలు చెప్పాను. వరంగల్ నుంచి వచ్చి మాతోపాటే నేర్చుకుంటున్న ఒకతను వెనక కూర్చున్నాడు. అతన్ని, "ఏం తెలిసింది?" అని అడిగారు మేడమ్.

"అక్క ఇంగ్లీషు మస్తున్నది మేడమ్."

"అంటే కెమిస్ట్రీ ఇనలేదన్నట్టు."

అందరూ నవ్వారు. నేను బోర్డు తుడిచాను. పాఠం ముందూ తర్వాతా బోర్డు తుడవాల్సింది చెప్పేవాళ్ళే. అది ఆ గది నియమం.

అక్కడ ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఇన్నేళ్ళుగా పేపర్లు దిద్దుతూ మేడమ్ ఎత్తి రాసుకున్న తప్పు జవాబులు అందులో ఉన్నాయి. రాసినవాళ్ళ పేర్లు లేవు. వారానికి ఒకటి చదివేవారు. అది ఎందుకు తప్పో మేము గబగబా చెప్పబోతే ఆపేసేవారు. "తప్పని నాకు గూడ తెలుసు. తెలివిగల్ల పిల్ల అక్కడిదాక ఎట్ల పోయింది? అది చెప్పున్రి."

ఆ వారం ప్రశ్న: మరుగుతున్న నీళ్ళ బుడగల్లో ఏముంటుంది? వరంగల్ అతను హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నాడు. నేను గాలి అన్నాను. రెండూ నోటుబుక్కులో ఉన్నాయి. రాసింది పదిహేడేళ్ళ పిల్లలు. మేము తలలు దించుకున్నాం. మేడమ్ నవ్వలేదు, అసలు జవాబూ చెప్పలేదు. నా వైపు తిరిగి, "అశోక్ నగర్ల చాయ్ బండి కాడికి పో. గిదే ప్రశ్న అడుగు. అడిగి ఊకో," అన్నారు.

మర్నాడు సాయంత్రం రెండుసార్లు ఆ బండి దాటిపోయాను. మూడోసారి ఆగి, మరుగుతున్న గిన్నె వైపు చూస్తూ అడిగేశాను. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న అబ్బాయిలు నలుగురున్నారక్కడ.

"గాలే గదక్కా," అన్నాడు కళ్ళద్దాల అబ్బాయి.

పక్కనున్న పొడుగాటి అతను ఒప్పుకోలేదు. "గాలైతే ఎంతుంటదిరా? ఎప్పుడో అయిపోవాలె. గివి వస్తనే ఉన్నయేంది?"

"మరేందంటవ్?"

"నీళ్ళు తగ్గుతున్నయ్ గదా. ఆ నీళ్ళే. ఆవిరైతున్నయ్."

"కరెక్టేనా అక్కా? ఎగ్జామ్ల వస్తదా?"

అవునన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. కళ్ళద్దాల అబ్బాయి వదల్లేదు. "మరి మసలకముందు అడుక్కు చిన్నచిన్నయి అంటుకుంటయ్, అవేంది?"

"అవి నీ గాలే తియ్," అని నవ్వాడు పొడుగాటి అతను.

"బుడగలు మీరు పంచుకోన్రి గని, చాయ్ ఎవరికి?" అన్నాడు బండి అన్న.

ఆదివారం ఇదంతా చెప్పాను. మేడమ్ మొహం వెలిగింది. "చూసినవా? గాలి అన్నోళ్ళు కండ్లు మూసుకొని చెప్పలే. జర ముందుగాల చూసిన్రు, అంతే." నోటుబుక్కులో ఆ జవాబు పక్కన ఆ మాటే రాసుకున్నారు. తర్వాత నాతో, "ప్రశ్న అడిగి నోరు మూసుకొనుడు వీళ్ళకు నేర్పలేక చస్తున్న. నీకది పుట్టుకతోనే వచ్చింది. ఇంకేం గావాలె?" అన్నారు.

అప్పటిదాకా నా మౌనాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

సోమవారం క్లాసులో తెలుగులోనే అడిగాను, బుడగల్లో ఏముందని. అడిగి, వాళ్ళ వైపు తిరిగి ఊరుకున్నాను. చివరికి, ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి, "గాలి కాదేమో మేడమ్," అంది. ఆ తర్వాత గదంతా మాట్లాడింది. వారం రోజుల్లో వెనక బెంచీల్లోకి మనుషులొచ్చారు. దసరా తర్వాత కూడా ఆ క్లాసు నాదే.

మేడమ్ పోయాక వచ్చిన మొదటి ఆదివారం, ఎవరూ పిలవకుండానే తొమ్మిది మందిమి ఆ మేడమెట్లు ఎక్కాం. అందరం ఇప్పుడు ఎక్కడో ఒకచోట పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళమే. బోర్డు మీద ఆవిడ చేతిరాత ఉంది: చల్లని గ్లాసు బయటి నీళ్ళు ఎక్కడివి? తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నియమం నియమమే కదా అని నేనే తుడిచాను. చాక్‌పీసు సగానికి విరిచి, అదే ప్రశ్న నా రాతలో రాసి, వాళ్ళ వైపు తిరిగి ఊరుకున్నాను.

ఆ గదిలో ఉన్న తొమ్మిది మందిమీ డాక్టరేట్లు వచ్చినవాళ్ళమే. మేడమ్ చదివింది ఎమ్మెస్సీ వరకే.