చివరి పేజీ చదవని నాన్న

మా చిన్నప్పుడు నాన్నకి ఒక జబ్బు ఉండేది. ఏ కథనీ చివరిదాకా చదివేవాడు కాదు. గొంతులు మార్చి, కళ్లు పెద్దవి చేసి, పులి వస్తే మంచం కిందికి దూరి మరీ చదివేవాడు. సరిగ్గా చివరి పేజీ రాగానే దానికో బట్టల క్లిప్పు తగిలించి, పుస్తకాన్ని బీరువా మీదికి ఎక్కించేవాడు.

"నాన్నా, బావిలో పడ్డ మేకపిల్ల బయటికొచ్చిందా లేదా?" అని తమ్ముడు కాళ్లావేళ్లా పడేవాడు.

"వస్తుందిలే. నాకు గొంతు పోయింది."

గొంతు పోయిన మనిషి ఆ వెంటనే మూడిళ్ల అవతల వెళ్తున్న కూరల బండిని కేకేసి ఆపేవాడు. మర్నాడు కళ్లజోడు మసకబారేది. వాచీలు బాగుచేస్తూ వెంట్రుకంత స్ప్రింగుని ఇట్టే పట్టే కళ్లకి, చివరి ఎనిమిది పంక్తులు ఆనేవి కావట. మేం నమ్మేవాళ్లం కాదు గానీ, బీరువా మాకు అందేది కాదు.

అమ్మ వేరే ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. వారం పొడుగునా అమ్మ మీద బెంగ. దానికి తోడు బీరువా మీదున్న ఆరు కథల బెంగ. అమ్మ చెప్పులు విప్పీ విప్పకముందే ఆరు పుస్తకాలూ ఒళ్లో పడేసి, చెరో పక్కా అతుక్కుపోయేవాళ్లం. అమ్మ చివరి పేజీలు చదువుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి, ఏమీ తెలియనట్టు "ఓహో, అలా అయిందా" అనేవాడు.

ఒకసారి ఉండబట్టలేక కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కి ఒక ముగింపు చదివేశాను. ఆదివారం అమ్మ ఆ పేజీ తెరవగానే "నాకు తెలుసు" అన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. నాన్న నన్ను వంటింట్లోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా అమ్మ రాలేకపోయింది కదా. వచ్చిన రోజు తమ్ముడు దగ్గరికి పోకుండా నా వెనక దాక్కున్నాడు. బస్సెక్కేదాకా ఏడుస్తూనే ఉంది. మీకు అమ్మతో ఏదో ఒక పని ఉండాలి కదమ్మా."

వెళ్లి అమ్మ పక్కన కూర్చుని "ఉత్తినే అన్నాను. చదువమ్మా" అన్నాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ కథా వినలేదు.

రెండేళ్లకి అమ్మకి మా ఊరికి బదిలీ అయింది. ఆ సాయంత్రం నాన్న కొత్త పుస్తకం తీసి, చివరి పేజీ దాటి, వెనక అట్ట మీది ప్రెస్సు చిరునామా దాకా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

తమ్ముడు బిక్కమొహం వేసుకుని "మొత్తం చదివేశావేంటి నాన్నా? మరి అమ్మకో?" అన్నాడు.

"ఇవాళ నేనూ వింటానురా" అంటూ అమ్మ వాణ్ని ఒళ్లోకి లాక్కుని, నాన్నకి రెండో పుస్తకం అందించింది.