నాయన వదిలిన చేపలు

మా ఊళ్లో వేరుశనగ విత్తే రోజున ముందు మా నాయనను పిలిచేవాళ్లు. ఆయన చెయ్యి మంచిదని పేరు. తొలి సాలులో నాలుగు గింజలు ఆయన వేస్తే గానీ మిగతావాళ్లు గొర్రు కట్టేవాళ్లు కాదు. వానలు మొహం చాటేసి, మా చివరి బోరు కూడా ఎండాక ఆ పిలుపులు ఆగిపోయాయి. నాయన అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయేవాడు. అది చూడలేకే నేను చేపల సేద్యం మొదలుపెట్టాను.

ఇంటి పక్కన పందిరి వేసి, దాని లోపల కింద పెద్ద తొట్టిలో జిలేబి చేపలు, పైన కంకర నింపిన డబ్బాల్లో పాలకూర, కొత్తిమీర. చేపల నీళ్లను మోటారు పైకి తోడుతుంది. ఆ మురికే మొక్కలకు ఎరువు. తేరిన నీళ్లు మళ్లీ తొట్టిలోకే దిగుతాయి. ట్యాంకరు నీళ్లతో బతికే ఊళ్లో ఇంతకంటే పొదుపైన సేద్యం లేదని నా వాదన.

"మట్టి తగలకుండా సేద్యమేందమ్మా? ఆస్పత్రిలో సెలైను పెట్టినట్ల ఉండాది," అన్నాడు నాయన.

అయినా తొలి చేపపిల్లలను ఆయన చేతే వదిలించాను. వెక్కిరిస్తూనే వదిలాడు. నెల తిరక్కుండానే పొద్దున్నే మేత వేయడం ఆయన పనైపోయింది. ఆయన నీడ పడితే చాలు, చేపలు పైకొచ్చేవి. "నన్ను గుర్తుపడతాండాయి," అని ఊరంతా చెప్పుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకరోజు ఆకుకూరల బేరానికి అనంతపురం వెళ్లాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి నాయన పందిరి ముందర నిలబడి ఉన్నాడు. భుజాన మందు కొట్టే పాత స్ప్రేయరు, మొహం నిండా సంతోషం.

"పాలకూరకు పేను పట్టిందమ్మా. నువ్వు చూసుకోలే. నేనుంటి కాబట్టి సరిపాయ, మందు కొట్టినా."

లోపలికి పరిగెత్తాను. చేపలు నీటి మీద నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా పడ్డాయి.

నాయనకు అర్థం కాలేదు. "ఆకులకు గదా కొట్టింది? చేపల మీద చుక్క పడనీలే."

"రెండిటికీ ఒగటే నీళ్లు నాయనా."

స్ప్రేయరు దించి తొట్టిలో చేతులు పెట్టాడు. ఒరిగిపోయిన ఒక చేపను నిలబెట్టి పట్టుకుని, "ఈదు, ఈదప్పా," అని బతిమాలాడు. వదిలితే మళ్లీ ఒరిగింది. మళ్లీ పట్టుకున్నాడు. ఆ చేతులను నేనే బయటికి లాగాల్సి వచ్చింది. వాటిని పట్టుకుని బోరున ఏడ్చాను.

ఈ మధ్య తొట్టి కడిగి, కంకర మార్చి, కొత్త పిల్లలను తెచ్చాను. బకెట్టు తీసుకుని అరుగు దగ్గరికి వెళ్లాను.

"నువ్వే వదలాల నాయనా."

ఆయన చేతులు రెండూ తువ్వాలులో చుట్టుకున్నాడు. "బోరెండినప్పుడు దేవుడు చేసినాడనుకుంటి. ఇది నేను చేసింది. నా చెయ్యి మంచిది గాదమ్మా. నువ్వే వదులు, పో."

నేనే వదిలాను. కాసేపటికి పందిరి బయటి నుంచి నాయన గొంతు వినిపించింది.

"ఈదుతాండాయా?"