శాలువా లేని శ్రోత

మా ముత్తాతగారు టెక్కలి ప్రాంతంలో పేరున్న భూస్వామి. మా తాతగారు ఆ భూములకు ఉద్దానం కొబ్బరితోటలు కలిపారు. వారి బండి వస్తుంటే భావనపాడు దారిలో మిగతా బళ్ళు పక్కకు తప్పుకునేవి. గొప్పకు చెప్పడం లేదు. మొన్న పలాసలో ఒక డాక్టరుగారి గది బయట కూర్చుంటే స్పీకరులోంచి వీణ వినిపించింది, మనసు కుదుటపడడానికి రోజూ సంగీతం వినండి అని గోడమీద రాసి ఉంది. ఆ వినడం మా ఇంట్లో ఎంత కష్టమైందో గుర్తొచ్చి చెబుతున్నాను.

మా చావడిలో పాడినవారెవరూ వట్టి చేతులతో వెళ్ళలేదు. పాట ముగిశాక ఇంటిపెద్ద స్వయంగా లేచి శాలువా కప్పాలి. పాడించుకోవడమే తప్ప, మా మగవాళ్ళు పాడడమన్నది లేదు.

తుఫానుకు తోటలు నేలకొరిగిన ఏడాది నాన్నగారు మాట మానేశారు. పడక్కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేవారు. అన్నం పెడితే రెండు ముద్దలు, అంతే. విశాఖపట్నంలో డాక్టరు మందులిచ్చి, ఇష్టమైనదేదైనా దగ్గరకు చేర్చమన్నాడు. ఆయనకు ఇష్టమైనది సంగీతమే గనుక, తాతగారి కాలంలో మా ఇంట పాడిన విద్వాంసుడి కూతురిని టెక్కలి నుంచి పిలిపించాను. ఆవిడ శ్రుతి చేసుకుంటుండగానే నాన్నగారు లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు.

“తప్పు మీదే బాబూ. కప్పడానికి సాలువా లేదని ఆయనకి తెల్దేటి? పెట్టలేని మనిసి ఎలాగ వింటారు? కొడుకు పాడితే ఏటీ పెట్టక్కర్లేదు.”

మర్నాడే బస్సెక్కి టెక్కలి వెళ్ళి, నలభై దాటిన వయసులో, ఆవిడ ఎదుట చాపమీద కూర్చున్నాను. మా వంశంలో ఎవరూ అలా కూర్చోలేదు. “ఏటి బావా, రేపు గజ్జె కూడా కడతావేటి?” అని మా మేనమామ కొడుకు నలుగురిలో నవ్వాడు. నేను పాఠం మానలేదు. నా గొంతు జీడిపిక్కలు కొట్టినట్టుందనీ, కొడితేనే కదా పప్పొచ్చేదనీ, రేపు మళ్ళీ రమ్మనీ ఆవిడ అనేది.

రోజూ తెల్లవారగానే నాన్నగారి కుర్చీ వెనక కూర్చుని సరళీ వరుసలు అందుకునేవాణ్ణి. ఎదురుగా కూర్చునే ధైర్యం లేకపోయింది. వానలు పోయాయి, చలి వచ్చింది. మందులూ మానలేదు, వరుసలూ మానలేదు. ఆయన తల తిప్పలేదు. లేచి వెళ్ళిపోలేదు కూడా. నాకు ఆ ఒక్క ఆసరా చాలింది.

ఒకరోజు కుర్చీ చేతిమీద ఆయన వేలు కదిలింది. మరి కొన్నాళ్ళకు, వెనక్కి తిరక్కుండానే, “ఏటిరా అది? రిషభం జారిపోతంది. మళ్ళీ ఎత్తు,” అన్నారు.

మళ్ళీ ఎత్తాను. ఆ పూట కడుపునిండా తిన్నారు. బతికినన్నాళ్ళూ నన్ను దిద్దుతూనే ఉన్నారు గాని, ఒక్కసారైనా బాగుందని అనలేదు.

ఇప్పుడు ఎంతటి విద్వాంసుడైనా ఫోన్లో ఎవరికైనా పాడతాడు. పెట్టలేకపోయామే అని ఎవరూ తలుపు వేసుకోనక్కర్లేదు. అది మంచిదే. అయినా మొన్న వీణ ఆగగానే నా చెయ్యి భుజంమీది కండువా మీదకు పోయింది. కప్పడానికి ఎదురుగా మనిషి లేడు.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు చావడిని దూలాలతో సహా, ఆ పడక్కుర్చీతో సహా అమ్మేశాం.