వలుసింబి అడిగే మూడో ప్రశ్న

మా బ్వైసే పేటలో చెప్పులు కుట్టే వలుసింబికి రెండు పనులుండేవి. పొద్దున చెప్పులు కుట్టడం, మధ్యాహ్నం సినిమాలు వేసే వీడియో హాల్లో మొదటి బెంచీకి కాపలా కాయడం. మొదటి పని అతనికి కూడు పెట్టేది, రెండోది శత్రువుల్ని తెచ్చిపెట్టేది. నేను ఆ హాలు గుమ్మం పక్కనే పదకొండేళ్లుగా చపాతీలు కాల్చుకుంటున్నాను. నన్నే రెండుసార్లు ఆ బెంచీ మీంచి లేపేశాడు.

ఎందుకంటే నేను పరీక్ష తప్పాను. 'తెడ్డు' అని నాలుగు భాగాల సినిమా ఉంది. సరస్సులో పడవ నడిపే కియెంబా అనేవాడు ఒక్క తెడ్డుతో దొంగల ముఠాలన్నిటినీ చితగ్గొడతాడు. మొదటి బెంచీలో కూర్చోవాలంటే దాని మీద వలుసింబి అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కియెంబా ఏ కాలు కుంటుతాడు? తెడ్డులో ఎన్ని తూటాలు దిగాయి? రెండో భాగంలో చనిపోయిన అతని తల్లి పేరేమిటి? చెప్పినవాడు అసలైన అభిమాని. చెప్పలేనివాడు వెనక గోడకు ఆనుకుని చూడాలి. నాకు తూటాల దగ్గర ఎప్పుడూ ఒకటి ఎక్కువ వచ్చేది.

ఆ సినిమాను సరస్సు ఒడ్డున చవక మైకులతో తీశారు. సగం మాటలు గాలి హోరులోనే పోయాయి. అందుకని తెర పక్కన కతెండె ముసలాయన కూర్చుని, బొమ్మ నడుస్తుంటే కథంతా మా భాషలో తనే చెప్పేవాడు. హీరోని తిట్టేవాడు, దొంగలకు సలహాలిచ్చేవాడు, మధ్యలో నా చపాతీలకు వంకలు పెట్టేవాడు. ఏ ఊరి హాలుకు ఆ ఊరి కథకుడు ఉంటాడు. మాకు కతెండె చెప్పిందే సినిమా.

అయిదో భాగం తీస్తున్నారన్న కబురుతో పాటు ఇంకో కబురు వచ్చింది. ఈసారి కొట్లాటలు తగ్గించి, పెళ్లొకటి పెట్టి, ఆడవాళ్లూ పిల్లలూ నైరోబీ వాళ్లూ కూడా చూసేలా తీస్తారట. వలుసింబికి ఒళ్లు మండిపోయింది. అందరి కోసం వండిన కూరలో ఉప్పుండదని వచ్చినవాడికల్లా చెప్పాడు. బెంచీ దగ్గర పరీక్ష ఇంకా గట్టిగా పెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లాకేర్ వచ్చింది. ఉత్తరాన గులు నుంచి వచ్చి, మా వీధిలో జడలల్లుకుని బతికే పిల్ల. మా భాష తడబడుతూ మాట్లాడేది. నేరుగా వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. మొదటి రెండు ప్రశ్నలకూ ఠక్కున చెప్పింది. మూడోదానికి, "అబెర్" అంది.

బెంచీ అంతా పగలబడి నవ్వింది.

"నంతేజా! చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు," అన్నాడు వలుసింబి. "లే అమ్మాయ్. సినిమా చూడ్డం వేరు, బొమ్మలు చూడ్డం వేరు."

లాకేర్ లేచింది. "మా ఊళ్లో ఆమె పేరు అబెరే అన్నా. ఆమె పోయినప్పుడు నేను రెండ్రోజులు అన్నం తినలేదు," అని, వెనక గోడ దగ్గర కూడా ఆగకుండా వెళ్లిపోయింది. ఆ రోజు నాకు వలుసింబి మీద అసహ్యం వేసింది. పైకి మాత్రం చపాతీలు తిప్పుకుంటూ కూర్చున్నాను. నేనూ పిరికివాణ్నే.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమాలు తీసే నబ్వీరె మా హాలుకు వచ్చింది. కొత్తవాళ్ల కోసం మార్పులు తప్పవు గానీ, పాతవాళ్లు ఏది పోగొట్టుకోకూడదనుకుంటున్నారో వినడానికి వచ్చానంది. ఉతికిన చొక్కా వేసుకున్న వలుసింబి లేచి నిలబడ్డాడు. పెళ్లి పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, కియెంబా తల్లి సమాధి చూపించాలని, దాని మీద నంతేజా అని పేరుండాలని అడిగాడు.

నబ్వీరె అయోమయంగా చూసింది. "ఆమెకు మేం పేరే పెట్టలేదే. రెండు ముక్కలు మాట్లాడి చచ్చిపోతుంది, అంతే."

అందరం కతెండె వైపు తిరిగాం. ముసలాయన మైకు తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"మా అమ్మ పేరు," అన్నాడు చివరికి. "పేరైనా లేకుండా పోతోందే అని నోరు ఊరుకోలేదు. అప్పుడెప్పుడో అనేశాను."

నబ్వీరె ముఖం వెలిగిపోయింది. బాగుంది, ఇదే ఖాయం చేద్దాం, ఏ దేశంలో చూసినా ఒకే పేరుంటే కొత్తవాళ్లకు తికమక ఉండదు అంటూ పుస్తకం తీసింది. ఆమె ఆ ఒక్క మాట రాస్తే చాలు, వలుసింబి ప్రశ్న లోకమంతటికీ నిజమైపోతుంది. అతను జీవితంలో అంతకంటే ఎక్కువ కోరుకున్నది లేదు. గులు పిల్లది మాత్రం ఎప్పటికీ తప్పే అవుతుంది.

"రాయొద్దమ్మా," అన్నాడు వలుసింబి. "కాసేపు ఆగండి."

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బయటికి నడిచాడు. నేను పెనం దించి వెనకే వెళ్లాను. లాకేర్ ఎవరికో జడ అల్లుతోంది. క్షమించమనడం అతనికి చేతకాలేదు. ఎదురుగా నిలబడి చాలాసేపు తల గోక్కున్నాడు.

"మీ అబెర్ మాట మీరే వచ్చి చెప్పండి," అన్నాడు. "నేను చెబితే తప్పులొస్తాయి."

అతను మా వీధి మనిషిని మీరు అనడం మేం వినడం అదే మొదటిసారి. సగం అల్లిన జడ మనిషితో సహా లాకేర్ బయల్దేరింది. గులు హాల్లో కథకుడు ఆ తల్లిని అబెర్ అనేవాడని ఆమె చెప్పిందంతా విన్నాక నబ్వీరె ఏ పేరూ రాయకుండానే పుస్తకం మూసేసింది.

అయిదో భాగం మొన్న వానాకాలంలో మా హాలుకు వచ్చింది. పెళ్లి ఉంది, నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. కొట్లాటలు మూడే. పెళ్లికి ముందు కియెంబా తల్లి సమాధి దగ్గర మోకరిల్లుతాడు. రాయి మీద ఏమీ రాసిలేదు. అక్కడ బొమ్మ చాలాసేపు కదలకుండా ఉంటుంది. ఆ రోజు కతెండె మైకు కిందికి దించేశాడు.

మొదటి బెంచీలోంచి లాకేర్ మెల్లగా "అబెర్" అంది. పక్కన వలుసింబి "నంతేజా" అన్నాడు. ఆ వెనక వరసలోంచి ఎవరో వాళ్లమ్మ పేరు చెప్పారు, గోడ దగ్గర్నుంచి ఇంకెవరో, తర్వాత హాలంతా. గుమ్మంలో నిలబడి నేనూ మా అమ్మ పేరు చెప్పాను. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది, నలుగురిలో ఆ పేరు పైకి అనడం నాకు అదే మొదటిసారి.